రివాల్వర్ తీయకండి, ముందు అందరూ ప్రాణాలతో బయటపడాలి

అన్నా, బీసెంట్ రోడ్డులో మీరున్న నగల షాపులోకి దొంగలు చొరబడితే లైసెన్స్ రివాల్వర్ తీయాలా అని అడిగారు. ఎవరి ప్రాణమో పోయే క్షణం వస్తే తప్ప తీయొద్దు. ఇరుకు షాపు, కౌంటర్ వెనక సేల్స్ అమ్మాయిలు. గురి కాస్త తప్పినా తూటా వాళ్లకే తగులుతుంది. పైగా అప్పుడే లోపలికొచ్చిన పోలీసులకు తుపాకీ పట్టుకున్న మీరే దొంగలా కనిపిస్తారు. దోపిడీని ఆపడానికి ప్రాణం తీసేంత వరకూ హక్కును భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ఇస్తుంది, నిజమే. కానీ 37వ సెక్షన్ ప్రకారం అవసరానికి మించి హాని చేయకూడదు. పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే కేసు మీ మీద పడొచ్చు. చేతులు కనబడేలా పెట్టి కింద కూర్చోండి. వాళ్లు బయటికి పోగానే 112కి ఫోన్ చేసి బండి నంబరు, ఎటు వెళ్లారో చెప్పండి.