నవ్వితే తప్పు చేసినట్టుంటోంది

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నాలుగేళ్లుగా ఇజ్రాయెల్‌లో 88 ఏళ్ల పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా ఉంటున్నాను. ఆమెను వాళ్ల మనవల్లాగే నేనూ 'సవ్తా' (అమ్మమ్మ) అంటాను. ఇంటి దగ్గర మా ఆయన, అత్తయ్య, తొమ్మిదో తరగతి చదివే పాప ఉన్నారు. అప్పు చాలావరకు తీరింది. అయినా మనసుకు సంతోషం లేదు. ఎప్పుడైనా నవ్వు వస్తే వెంటనే పాప గుర్తొచ్చి, తప్పు చేసినట్టుంటుంది. ఫోనులో ఏదైనా మంచి సంగతి చెబితే మా ఆయన "నీకేం, అక్కడ హాయిగా ఉన్నావు" అంటారు. అందుకని చెప్పడం మానేశాను. ఇప్పుడు మాట్లాడుకునేదంతా డబ్బు గురించే, అది చివరికి గొడవవుతోంది. సవ్తా తాను పాటించే ఐదు నియమాలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకున్నారు. సంతోషం ఊరికే రాదు, నువ్వూ రాసుకో అంటారు. కూర్చుంటే ఒక్క ముక్క తోచలేదు. శుక్రవారం ఆమె కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఊళ్లో నేను పెట్టే దీపం గుర్తొస్తుంది. వాళ్ల మతం వేరు, నా బతుకు వేరు. ఇవన్నీ నాకు పనికొస్తాయా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "చెప్పడం మానేశాను" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బాధను దాచుకునేవాళ్లు నాకు తరచుగా రాస్తుంటారు. మీరు సంతోషాన్ని దాచుకుంటున్నారు. దాచగా దాచగా అది మీ కంటికే ఆనకుండా పోయింది.

సవ్తా చెప్పే మాట వెనుక పెద్ద యూదు సంప్రదాయమే ఉంది. సంతోషాన్ని హీబ్రూలో 'సిమ్హా' అంటారు. ఎప్పుడూ సంతోషంగా ఉండడం గొప్ప ధర్మమని బోధించిన వారిలో బ్రెస్లోవ్ అనే ఊరికి చెందిన రబ్బీ (యూదు మతగురువు) నహ్‌మాన్ ఒకరు. ఆయన జీవితం ఏమంత సుఖంగా సాగలేదు. కన్నబిడ్డలను పోగొట్టుకున్నారు, భార్యను పోగొట్టుకున్నారు, 1810లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఉమాన్‌లో క్షయతో 38వ ఏట కన్నుమూశారు. దిగులు ఎంత బరువో ఎరిగిన మనిషి. అందుకే దుఃఖాన్ని తరిమెయ్యమని చెప్పలేదు. రోజులో కొంతసేపు దానికి కేటాయించండి, ఏకాంతంగా కూర్చుని మీ సొంత భాషలో దేవుడికి మొరపెట్టుకోండి, మిగిలిన రోజును సంతోషానికి వదిలిపెట్టండి అన్నారు. ఈ సలహా మీ కోసమే చెప్పినట్టుంది నాకు. సవ్తా మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఒక అరగంట మీదే అనుకోండి. పాప కోసం ఏడవాలనిపిస్తే అప్పుడు ఏడవండి, తెలుగులోనే మీ దేవుడితో చెప్పుకోండి. తక్కిన వేళల్లో నవ్వు వస్తే రానివ్వండి. మీరు నవ్వినందువల్ల పాపకు దక్కాల్సిన ప్రేమ ఇసుమంతైనా తగ్గదు.

మతం వేరన్నారు, నిజమే. వాళ్ల ప్రార్థనలు మీరు చదవక్కర్లేదు. కానీ ఆ ప్రార్థనలు దేని గురించో చూడండి. ఆచారం పాటించేవాళ్లు కళ్లు తెరవగానే, ఇంకా మంచం దిగకముందే, ప్రాణాన్ని తిరిగి ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పుకుంటారు. రోజుకు 100 సార్లు దేవుణ్ని స్తుతించాలని యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్‌లో ఉంది. రొట్టె తినేముందు ఒక మాట, పండు కొరికేముందు ఒక మాట, మెరుపు మెరిస్తే ఒక మాట. మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక కూడా, శరీరం సవ్యంగా పనిచేసినందుకు ఒక ప్రార్థన ఉంది. 88 ఏళ్ల శరీరాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండే మీకు దాని విలువ ఇంకొకరు చెప్పాలా? ఇలా గమనించే అలవాటుకు ఏ మతమూ అడ్డు రాదు.

ఇక నియమాల సంగతి. ఓర్పు, త్యాగం, ప్రేమ లాంటి పెద్ద మాటల కోసం వెతికి ఉంటారు, అందుకే కలం కదల్లేదని నా అనుమానం. 1808లో మెనహెమ్ మెండెల్ లెఫిన్ అనే యూదు పండితుడు మనసును దిద్దుకోవడానికి ఒక పద్ధతి రాశారు. అందులో 13 గుణాలున్నాయి, వారానికి ఒక్కటే. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. ఆ వారం తక్కినవాటి జోలికి పోనక్కర్లేదు. మీరూ ఒక్కటే రాసుకోండి, ఒళ్లు నొప్పులున్న రోజు కూడా చెయ్యగలిగినంత చిన్నది.

నన్నడిగితే మొదటిది ఇది: "ఫోను ఎత్తగానే ఈరోజు జరిగిన ఒక మంచి సంగతి చెబుతాను, వాళ్లనూ ఒకటి అడుగుతాను." డబ్బు లెక్కలకు వారంలో వేరే రోజు పెట్టుకోండి. మీ ఆయన "నీకేం" అంటే వాదించకండి. "నేను హాయిగా ఉన్నానని కాదండీ, మీతో పంచుకుందామని చెబుతున్నాను" అనండి. నాలుగేళ్లుగా తల్లి లేని ఇంట్లో ఎదిగే ఆడపిల్లను చూసుకుంటున్న మనిషి ఆయన. ఆ మాట వెనుక ఈర్ష్య కంటే అలసటే ఎక్కువ ఉంటుంది. ఆయన చేస్తున్నదాన్ని మీరు ఎప్పుడైనా పేరుపెట్టి మెచ్చుకున్నారా? రెండో వారానికి అదే నియమం కావచ్చు.

ఒక జాగ్రత్త. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకడం మీదే విరక్తి కలిగినా అక్కడి డాక్టరుకు తప్పకుండా చూపించుకోండి. బతుకు వద్దనిపిస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆరోజే వెళ్లండి. కాగితం మీద రాసుకున్న నియమాలు వైద్యానికి బదులు కావు.

శుక్రవారం దీపం గురించి రాశారు కదా. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం రెండున్నర అయితే ఇక్కడ సాయంత్రం ఆరు, సంధ్యాదీపం వేళ. ఆ సమయానికి మీరు షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం) వంటలో మునిగి ఉంటారు. పొయ్యి మంట తగ్గించి ఐదు నిమిషాలు వీడియో కాల్ చెయ్యండి. మీ ఇంట్లో ఆ దీపం పాప చేత పెట్టించండి, మీరు చూస్తుండండి. షబ్బాత్ మొదలయ్యాక ఆచారం పాటించేవాళ్లు ఫోను ముట్టరు, కానీ సూర్యాస్తమయానికి కాస్త ముందు కొవ్వొత్తులు వెలిగించేదాకా అది మొదలవదు కాబట్టి సవ్తా కూడా ఫోను ముందుకు రావచ్చు. పాపను ఆమెకు చూపించండి. ఫ్రిజ్ మీది ఐదు నియమాల్లో ఒకటి పాపకు చెప్పమని అడగండి, మీరు తెలుగులో చెబుదురుగాని.