పన్నెండు అని రాసి ఉంది కదా!

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా. బాబుకు 11 ఏళ్లు, ఆరో తరగతి. ఎండాకాలం సెలవుల నుంచి నా ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతున్నాడు. పది రోజుల కింద మహిళా సంఘం కిస్తీకి దాచిన డబ్బులోంచి 3,200 రూపాయలు ఆ ఆటకు పోయాయి. కిరాణా కొట్టులో నేను నొక్కుతుంటే పిన్ చూశాడట. మొన్న వాళ్ల నానమ్మను హిందీలో బూతు మాట అన్నాడు. ఆ ఆటలో ఎవరో ‘అన్న’ రాత్రి పది దాటాక మాట్లాడుతాడు, ఏ స్కూలని కూడా అడిగాడు. మా ఆయనతో చెబితే, “ప్లే స్టోర్‌ల ఆ ఆటకు పన్నెండేండ్లు అని రాసున్నది, మనోనికి పదకొండు నిండినయ్. ఒక్క ఏడాదికి ఏమైతది? ఫోన్ ఇచ్చింది నువ్వే కదా” అంటున్నాడు. ఆ పన్నెండు ఎవరు వేశారు? ఇవన్నీ అందులో ఎందుకు రాయలేదు? తప్పు నాదేనా?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో డబ్బు కంటే, బూతు మాట కంటే ముందు నా కళ్లు ఆగింది ఆ ‘అన్న’ దగ్గర. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ ఉత్తరం చదివిన రోజే బాబును పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆట తెరవమనండి. ఫోన్ గుంజుకోవద్దు, ఆటను తీసేయవద్దు. తీసేస్తే ఆ మనిషి ఏం రాశాడో, ఏం అడిగాడో మీకు కనిపించకుండా పోతుంది. “నీకు ఆ అన్న ఎట్లా పరిచయమయ్యాడు, ఏమేం అడిగాడు” అని మామూలు గొంతుతో అడగండి. రాతలు ఏమైనా ఉంటే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ తర్వాత ఆ పేరును బ్లాక్ చేయండి, మైకు ఆపేయండి. ఫొటో అడిగినట్టు, కలుద్దామన్నట్టు, బెదిరించినట్టు తెలిస్తే ఇంట్లో దాచుకోకండి. పిల్లల సాయానికి 1098 ఉంది, వెంటనే ఫోన్ చేయండి. అతను బడి పిల్లవాడే కావచ్చు, ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. అయినా పదకొండేళ్ల పిల్లవాడిని ఏ స్కూలని అడిగే ముక్కూమొహం తెలియని మనిషి విషయంలో అనుమానపడటం తప్పు కాదు.

ఇక ఆ పన్నెండు సంగతి. ప్లే స్టోర్‌లో మనకు కనిపించే 3, 7, 12, 16, 18 అనే వయసు సంఖ్యలు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ సంస్థ పద్ధతిలో వచ్చేవి. ఆటను తయారుచేసినవాళ్లే ఒక ప్రశ్నపత్రం నింపుతారు. రక్తం చూపిస్తారా, బూతులున్నాయా, జూదం ఉందా అని అందులో అడుగుతారు. ఆ జవాబులను బట్టి సంఖ్య పడుతుంది. తర్వాత కొన్నిటిని సరిచూస్తారు. అంటే ఆ సంఖ్య ప్రధానంగా చెప్పేది ఆటలో తయారుచేసి పెట్టిన బొమ్మల గురించి, మాటల గురించి. ఆడుతూ అవతలివాళ్లు మైకులో ఏం వాగుతారో అది చెప్పదు, చెప్పలేదు కూడా. మీ బాబు నేర్చుకున్న బూతు ఆటలోది కాదు, ఆడేవాళ్లది.

అపరిచితులతో మాటలుంటాయని, లోపల డబ్బు పెట్టి కొనేవి ఉంటాయని అక్కడ రాస్తారు. కానీ సంఖ్య కింద, చిన్న అక్షరాల్లో, అదీ ఎక్కువగా ఇంగ్లిష్‌లో. ఆ వివరాలు పక్కన ఉంటాయే తప్ప చాలాకాలం పాటు సంఖ్యను మార్చలేదు. అందుకే మీ ఇంట్లో జరిగిన మూడు సంగతుల్లో ఒక్కటి కూడా ఆ పన్నెండులో లేదు.

ఇది మీ ఒక్కరికే తట్టిన అనుమానం కాదు. మన సినిమాల సంగతే చూడండి. పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే యు/ఎ ముద్ర 1983లో వచ్చింది. నాలుగేళ్ల పాపకూ పదకొండేళ్ల పిల్లవాడికీ ఒకే ముద్ర. దాన్ని 7, 13, 16 అని మూడుగా విడగొట్టడానికి 2024 దాకా పట్టింది. యూరప్ దేశాల్లో ఆటలకు వయసు ముద్ర వేసే పీఈజీఐ 2018లో డబ్బు పెట్టి కొనే ఆటలకు ప్రత్యేక గుర్తు పెట్టింది. ఏం వస్తుందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే పెట్టెలుంటే ఆ మాట కూడా రాయాలని 2020లో చేర్చింది. ఆస్ట్రేలియా ఇంకో అడుగు వేసింది. 2024 సెప్టెంబరు నుంచి అలాంటి పెట్టెలున్న కొత్త ఆటలకు కనీసం 15 ఏళ్ల లోపు పిల్లలకు తగదనే ముద్ర వేస్తోంది.

వివరంగా రాయాలన్న మీ మాట న్యాయమైనదే. నా అభిప్రాయం అడిగితే, పన్నెండుకూ పదహారుకూ నడుమ ఇంకో రెండు అంకెలు చేర్చినందువల్ల మీకు ఒరిగేది తక్కువ. తెలియనివాళ్లతో మాట్లాడిస్తుందా, డబ్బు ఎలా లాగుతుంది, మధ్యలో ఆపి అన్నానికి లేస్తే ఓడిపోతారా అన్నవి వేర్వేరు గుర్తులుగా, తెలుగులో, సంఖ్య అంత పెద్దగా కనిపించాలి. ఆ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, మన ఇళ్లలో రోజూ అరుపులు వచ్చేది దాని దగ్గరే. “ఇంకొక్క నిమిషం అమ్మా” అనే పిల్లవాడు ప్రతిసారీ మొండికేస్తున్నట్టు కాదు. నడుమ లేస్తే జట్టులోనివాళ్లు తిడతారని భయం.

మీ ఆయన మాట మీకు నొప్పి కలిగించింది. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు, చదివిన సంఖ్యను నమ్మారు. కానీ ఫోన్ ఇచ్చింది నువ్వే కదా అనడం మాత్రం సరికాదు. స్కూలు హోంవర్క్ వాట్సాప్‌లో వస్తున్న రోజుల్లో పిల్లవాడి చేతికి ఫోన్ ఇవ్వని తల్లి ఎవరు? దీని మీద ఆయనతో వాదన పెట్టుకోకండి. మిల్లు సెలవు ఉన్న రోజు, అన్నం తిన్నాక, ఇద్దరూ కలిసి బాబు వెనక కూర్చుని అరగంట ఆ ఆట చూడండి. మైకు శబ్దం పెంచి వినమనండి. మీరు ఒక్క మాటా అనాల్సిన పని ఉండదు. తండ్రి చెవిన స్వయంగా పడాలి.

డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టలేను. ప్లే స్టోర్ ద్వారా కొంటే 48 గంటల లోపు నేరుగా గూగుల్‌ను వాపసు అడగొచ్చు. మీకు ఆ గడువు దాటింది కాబట్టి, పిల్లవాడు అడగకుండా కొన్నాడని ఆటవాళ్లకే రాసి చూడండి. పిన్ ఇవాళే మార్చండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్ అని ఉంటుంది, అందులో వయసు హద్దు పెట్టొచ్చు. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా కూడా చేయండి. సంఘంలో ఈ నెల కిస్తీకి తక్కువైతే మీ లీడర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇలాంటిది జరిగిన ఇల్లు ఆ సంఘంలో మీదొక్కటే అయి ఉండదు.

బాబును కొట్టవద్దు. దొంగతనం అనే మాట కూడా వాడవద్దు. 3,200 రూపాయలంటే నాట్లకు పోతే ఎన్ని రోజుల కూలి అవుతుందో మీతో కలిసి కాగితం మీద లెక్క వేయించండి. నానమ్మకు క్షమాపణ మాత్రం తప్పకుండా చెప్పించండి. ఆ మాటకు అర్థం ఏమిటో వాడికి తెలియకపోతే తండ్రి చెప్పాలి.

ఆట పూర్తిగా మాన్పించాలా అంటే, ఈ ఆట మాన్పించండి. మైకు లేని, డబ్బు అడగని ఆట ఒకటి బాబునే వెతకమనండి. పెట్టుకునే ముందు సంఖ్య కింద ఉన్న చిన్న అక్షరాలు వాడే మీకు చదివి వినిపించాలి. ఆరో తరగతి పిల్లవాడికి ఆ ఇంగ్లిష్ కష్టమేమీ కాదు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ మీ మంచం దగ్గర ఉండాలి, వాళ్ల నాన్న ఫోన్ కూడా.

ఆ ‘అన్న’ సంగతి ఏమైందో నాకు మళ్లీ తప్పకుండా రాయండి.