కొత్త టవర్లు వస్తే సర్కారు బడిలో పిల్లలు పెరుగుతారా?

మీ కాలనీ పక్కన మూడు టవర్లు లేస్తున్నాయి, ఊళ్లో ఉన్న ఒక్క ప్రాథమిక బడి ఆ తాకిడికి తట్టుకుంటుందా అని అడిగారు. హైదరాబాద్‌లో శేరిలింగంపల్లి వైపు సర్కారు బళ్లో చాలా ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

ఫ్లాట్లలో దిగేవాళ్ల గురించి బెంగ అక్కర్లేదు, వాళ్ల పిల్లలు మా దగ్గరికి రారు. కోకాపేటలో 2023 వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అలాంటి నేలమీద ఇల్లు కొన్నవాళ్లు మండల పరిషత్ బడి గేటు తొక్కుతారా? గృహప్రవేశానికి ముందే ఎక్కడో సీటుకి ఫీజు కట్టేసి ఉంటారు. భూములమ్మిన ఊరివాళ్లదీ అదే దారి. డబ్బు చేతిలో పడ్డ ఏడాదే పిల్లలు పసుపు బస్సెక్కారు. మా బడి మూతపడుతుందేమో అనుకున్నాం కూడా.

మళ్లీ నింపింది ఆ టవర్లు కట్టడానికి వచ్చినవాళ్లే. పునాదులు తవ్వుతుండగానే పక్కన రేకుల షెడ్లు లేస్తాయి. పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, బీహార్ నుంచి ఆలుమగలు పిల్లలతో దిగుతారు. స్లాబులు పడుతున్నంతకాలం మాకు కూర్చోబెట్టడానికి చోటుండదు. టైల్స్, పెయింటింగ్ పనులు మొదలయ్యేసరికి ఆ కూలీల క్యాంపు ఇంకో సైటుకి పోతుంది, సగం క్లాసు దాంతోపాటే. ఆ తర్వాత వాచ్‌మన్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఇస్త్రీ బండి వాళ్లు వస్తారు. వీళ్ల పిల్లలు నిలబడతారు. 2022-23లో ఇంగ్లిష్ మీడియం పెట్టాక చిన్న ప్రైవేటు బళ్ల నుంచి మా దగ్గరికి మారినవాళ్లూ వీళ్లలో ఉన్నారు.

అసలు చిక్కు టీచర్లతోనే. పిల్లల లెక్క యూడైస్‌లో, అంటే బళ్ల వివరాలు నమోదుచేసే సర్కారు లెక్కల్లో, సెప్టెంబర్ 30 నాటిది తీసుకుంటారు, పోస్టుల సర్దుబాటు ఆ లెక్క మీదే. క్యాంపుల్లో చాలామంది దిగేది దసరా, దీపావళి దాటాక. ప్రాథమిక బళ్లో 30 మందికి ఒక టీచరని చట్టం చెప్తుంది గానీ, లెక్కలోనే లేని పిల్లలకి టీచరెక్కడి నుంచి వస్తాడు?

ఓ ఏడు నవంబరులో వచ్చిన ఒడిశా అమ్మాయిని మూడో తరగతిలో కూర్చోబెట్టాం. బోర్డు మీది తీసివేత చూసి పలకమీద ఏదో రాసి నా ముందు పెట్టింది. అంకెలన్నీ ఒడియాలో ఉన్నాయి, నాకు ఒక్కటీ తెలీదు. అంతకు ముందు ఏడు ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన పిల్లాడు చదివిపెట్టాడు. లెక్క కరెక్టే!

ఇలాంటి పిల్లల్ని టీసీ లేదనో, వయసు కాగితం లేదనో వెనక్కి పంపడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాల్సిందే. క్యాంపు మేస్త్రీలకి ఈ మాట ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటప్పుడు మేమెలాగూ ఇల్లిల్లూ తిరుగుతాం, దసరా తర్వాత ఇంకోసారి తిరగడానికే మాకు మనుషులు చాలరు.

బిల్డర్‌ని ఏదైనా అడగాలనుకుంటే గోడలకి రంగులు అడక్కండి. అవి వాళ్లే వేసి, బడి పేరుకంటే పెద్దక్షరాల్లో తమ పేరు రాసుకుంటారు. పొద్దున, సాయంత్రం క్యాంపు నుంచి ఒక ఆటో పెట్టించమనండి. టిప్పర్లు తిరిగే రోడ్డు దాటాలనే భయంతోనే చాలామంది తల్లులు పిల్లల్ని షెడ్డులో ఉంచేస్తున్నారు.