కూలెంట్ తగ్గుతోందని వెంటనే హెడ్ విప్పించకండి

పాత లారీ, కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే నీళ్లు) రోజూ తగ్గుతోంది, కింద చుక్క కూడా పడట్లేదు, మెకానిక్ హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగం, అంటే హెడ్డుకీ, కింద బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు, విప్పించాలా అని అడిగారు. వద్దండి, ముందు ఆ నీళ్లని ఇంజన్లో తిప్పే వాటర్ పంపు చూడండి.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా. మా మావయ్య బండి సాలూర్లో సిమెంట్ లోడు ఎత్తుకుని సుంకి ఘాట్ (కొండ దారి) ఎక్కుతుంటే సగం దార్లోనే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటేసింది, నేను క్యాబిన్లోనే ఉన్నా. క్లీనర్ కుర్రాడు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతే "ఒరే, మొకం కాలిపోద్ది, ముట్టకు!" అని మావయ్య ఒకటే కేక. బాగా చల్లారాక నీళ్లు పోసుకుంటూ ఎలాగో కొరాపుట్ చేరాం. అక్కడ ఒక షెడ్డులో ఇంజన్ వైపు సరిగ్గా చూడకుండానే హెడ్ దించాలన్నారు. మావయ్య ఒప్పుకోలేదు, లోడు దించేసి ఖాళీ బండితో సాలూరు ముసలి మేస్త్రీ దగ్గరికి తెచ్చేశాడు. ఆయన ఇంజన్ స్టార్ట్ చేయించి పంపు కిందకి టార్చి కొట్టి "ఇదుగో చూడు బాబూ" అన్నాడు. పంపు కింద చిన్న బెజ్జం, దాని చుట్టూ ఆకుపచ్చగా తెల్లగా ఉప్పులా పేరుకుపోయి ఉంది. ఇంజన్ తిరిగినప్పుడే కారడం, ఫ్యాను గాలికి వేడి బ్లాకు మీద చిమ్మి అక్కడికక్కడే ఆరిపోవడం, ఇంక నేల మీద చుక్క ఎక్కడ పడుద్ది? పంపు మార్చాం, అంతే.

ఆ బెజ్జాన్ని ఎంసీల్ ముద్ద పెట్టి మూసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది. పంపు లోపలి సీలు పోతే నీళ్లు దాని బేరింగులోకి పోకుండా బయటికి రావాలనే కదా అది పెట్టింది! రేడియేటర్లో పసుపు పోసేవాళ్లూ అంతే, లీకు ఆగినట్టే ఉంటుంది గానీ సన్న ట్యూబులు పూడిపోయి తర్వాత ఘాట్లో ఏడిపిస్తుంది. మూత రబ్బరు కూడా చూసుకోండి, కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, ప్రెషర్ నిలవకపోతే మామూలు నీళ్లు అక్కడ 97 డిగ్రీలకే మరిగిపోతాయి.

గాస్కెట్ అనుమానం ఉంటే పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చెయ్యండి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు హెడ్ మాట ఆలోచించండి. ఇంజన్ ఆయిల్ పాల కాఫీ రంగులోకి మారితే మాత్రం అందులో నీళ్లు కలిసినట్టే, బండి ఇంక అడుగు కదపకండి, ఇంజన్ బేరింగులు పోతాయి. తీసిన కూలెంట్ మురుగు కాలవలో పొయ్యకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చచ్చిపోతాయి.