బాస్కెట్‌బాల్‌లో ఒక ఆటగాడి డిఫెన్స్‌ను అంకెలు చూసి చెప్పొచ్చా, మ్యాచ్ చూడాల్సిందేనా?

అంకెలు మాత్రమే చూసి తేల్చడం కష్టం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో స్టీల్స్ (ఎదుటివాళ్ల బంతిని లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం) లెక్కను అధికారికంగా లెక్కపెట్టడం మొదలైందే 1973-74 సీజన్‌లో. 1969లో రిటైరైన బిల్ రసెల్ ఖాతాలో అధికారికంగా ఒక్క బ్లాక్ కూడా లేదు. కానీ ఆయన జట్టు బాస్టన్ 11 టైటిళ్లు గెలిచినప్పుడు దానికి గోడలా నిలబడింది ఆయనే!

స్టీల్స్ ఎక్కువున్నంత మాత్రాన మంచి డిఫెండర్ అనలేం. ప్రతిసారీ బంతి కోసం ఎగబడేవాడు, అది అందకపోతే తాను కాపలా కాయాల్సిన ఆటగాడిని వదిలేసినట్టే. ఆ తప్పు బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ అంకెల పట్టికలో) కనబడదు. షేన్ బాటియర్ ఇందుకు పూర్తి భిన్నం. హ్యూస్టన్ జట్టుకు ఆడేటప్పుడు స్టార్ స్కోరర్ కోబీ బ్రయంట్‌ను కష్టమైన దూరపు షాట్ల వైపే నెట్టేవాడు, షాట్ వేస్తుంటే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. బాక్స్ స్కోర్‌లో ఇవేవీ అతని పేరు మీద పడవు.

అయితే మన కళ్లూ మోసపోతాయి. బంతి వెంటే చూస్తాం, ఎగిరి కొట్టిన బ్లాకే గుర్తుంటుంది. రింగ్ దగ్గర డిఫెండర్ రూడీ గోబేర్ ఉన్నాడని అవతలివాళ్లు లోపలికే రాని సందర్భాలు గుర్తుండవు. అతను కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు ఎన్ని పాయింట్లు ఇచ్చిందో పోల్చే లెక్క అక్కడ పనికొస్తుంది, అదీ రెండు మూడు సీజన్లది కలిపి చూస్తే. నేనైతే ముందు ఆ లెక్క చూసి, తర్వాత బంతిని పట్టించుకోకుండా ఆ ఒక్క ఆటగాడినే గమనిస్తూ మ్యాచ్ మళ్లీ చూస్తాను.