1/2 కాదు, 2/3: మేనరికంలో తలసీమియా లెక్క

మీ తమ్ముడికి బీటా తలసీమియా మేజర్ (అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తే వచ్చే తీవ్రమైన రక్తజబ్బు), మీరు ఆరోగ్యంగా ఉన్నారు, మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. మీరు క్యారియర్ (ఒక్క లోప జన్యువే ఉండి, తనకు జబ్బు లేని మనిషి) అయ్యే అవకాశం 1/2 అని వేసి, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/32 అని తేల్చారు. తేడా అంతా మొదటి మెట్టులోనే ఉందండి.

తమ్ముడికి వచ్చిందంటే అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లే. వాళ్ల బిడ్డకు నాలుగు దారులు: రెండూ మంచి జన్యువులు, అమ్మ నుంచి మాత్రమే లోపం, నాన్న నుంచి మాత్రమే లోపం, రెండూ లోపాలే. ఆఖరిది మీకు లేదని తెలుసు కదా, కొట్టేయండి. మిగిలిన మూడింటిలో రెండు క్యారియర్ దారులు. అందుకే మీకు 2/3.

బావ వైపు మీరు వేసింది సరే: అమ్మ క్యారియర్ కాబట్టి మామయ్య కూడా క్యారియర్ అయ్యే అవకాశం 1/2, ఆయన కొడుక్కి 1/4. ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకు 1/4. మొత్తం 2/3 × 1/4 × 1/4 = 1/24. (అత్త వైపు కలపలేదు, కలిపితే కాస్త పెరుగుతుంది.) బయటి సంబంధమై, నూటికి నలుగురు క్యారియర్లనుకుంటే 1/150.

అయినా భిన్నాలతో టెన్షన్ ఎందుకు? ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష (రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో కొలిచేది) చేయించుకోండి. హెచ్‌బీ ఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అనే అర్థం. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె తగ్గి కనిపించొచ్చు, డాక్టర్‌కు ముందే చెప్పండి. ఇద్దరూ క్యారియర్లని తేలితే మాత్రం ప్రతి కాన్పుకూ విడిగా 1/4. మొదటి బిడ్డ బాగున్నా రెండో బిడ్డకు అదే లెక్క.