‘ఈసారి సంతకం పెట్ట’ అన్న భార్య

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. దేవరకొండ దగ్గర పల్లెటూరు. 1988 నుంచి వకీలుగా ప్రాక్టీసు చేస్తున్నాను. 1995లో వార్డు మెంబరునయ్యాను, 2001లో సర్పంచ్‌ని. 2006లో సీటు మహిళకు రిజర్వయితే నా భార్యను నిలబెట్టి గెలిపించాను, పనులు నేనే చూశాను. 2013లో 41 ఓట్లతో ఓడిపోయి, మరుసటి ఏడు ఎంపీటీసీగా గెలిచాను. 2019లో మళ్లీ సర్పంచ్. 2024లో పదవి దిగేనాటికి చేసిన పనుల బిల్లులు రాలేదు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, బ్యాంకులో భార్య బంగారం అలాగే ఉన్నాయి. మొన్న డిసెంబరు ఎన్నికల్లో మా ఊరు జనరల్ మహిళకు వచ్చింది. నామినేషన్ పేపర్ నింపి ఇంటికి తెస్తే ఆమె సంతకం పెట్టనంది. ఊళ్లో తలెత్తుకోలేకపోయాను, నాలుగు మాటలన్నాను. వారంలో వనస్థలిపురంలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది, మాట్లాడటం లేదు. కొడుకేమో ‘అమ్మను కొన్నాళ్లు వదిలెయ్ నాయినా’ అంటున్నాడు. ఆమెను ఎలా తీసుకురావాలి? ఈ అప్పు సంగతేంటి? ముప్పై ఏళ్లు చేసిందంతా వృథానా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. పైన కుదించి ఇచ్చాను. అందులో మూడు పేజీలు ఊరి గురించే. కొడుకు గురించి రెండు లైన్లు, కూతురి గురించి ‘పెళ్లి బాగానే చేశాను’ అని ఒక్క ముక్క. తప్పు పట్టడానికి అనట్లేదు. మీ రోజులు కూడా ఇదే లెక్కన పోయి ఉంటాయనిపించింది.

చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. వృథా కాలేదు. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయిన మనుషులను మన నల్లగొండ జిల్లాలో చూడనివాళ్లు లేరు. అలాంటిచోట నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చేదాకా, ఏ వాడకు ట్యాంకర్ ఎన్ని గంటలకు పోవాలో నోటుబుక్కులో రాసుకుని, దగ్గర నిలబడి పట్టించానన్నారు. అది చిన్న పని కాదు. పొద్దున ఏడింటికి పంచాయతీ ఆఫీసు, పదిన్నరకు కోర్టు, సాయంత్రం మళ్లీ ఎవరిదో పొలం గెట్టు (హద్దు) పంచాయితీ. 2021లో పెంచాక కూడా సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలే. పెట్రోలుకూ, పెళ్లిళ్ల కట్నాలకూ, చావు ఖర్చులకు చేతిలో పెట్టే ఐదొందలకూ అది ఏ మూలకొస్తుంది? మీ ప్రాక్టీసు కూడా దీనివల్లే దెబ్బతిన్నదని రాశారు. జూనియర్లుగా చేరినవాళ్లు నల్లగొండకు, హైదరాబాద్‌కు పోయి సీనియర్లయ్యారు. మీరు ఇంకా అవే గెట్టు తగాదాల కేసులు చూస్తున్నారు. ఆ బాధ నిజమే.

కానీ ఈ ప్రశ్న అడగాల్సింది ఊరిని. మీరు ఇంట్లోవాళ్లను అడుగుతున్నారు. ‘నేనింత చేశాను, మీకెవ్వరికీ కనబడదా?’ అని. వాళ్లకు కనబడింది వేరే.

2006లో ఏం జరిగిందో మీరే రాశారు. ‘చెక్కులూ తీర్మానాలూ ఎక్కువ ఉంటాయని, పొట్టిగా సంతకం పెట్టడం నేనే నేర్పించాను’ అని. అంతకుముందు పేజీలో ‘ఆమె పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది’ అని కూడా రాశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. ఫస్ట్ క్లాసులో పాసైన మనిషికి సంతకం నేర్పించారు. కారోబార్ (పంచాయతీ గుమాస్తా) రిజిస్టర్ పట్టుకుని ఇంటికొస్తే, ఆమె పొయ్యి మీద అన్నం దించి, కొంగుకు చేతులు తుడుచుకుని, మీరు వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టి మళ్లీ వంటింట్లోకి పోయేది. ఐదేళ్లు అంతే. గ్రామసభల్లో కూడా ఆమె మాట్లాడాల్సినవి మీరే మాట్లాడారు. ‘ఆమెకూ సర్పంచ్ అన్న పేరు వచ్చింది కదా మేడమ్, ఏం లోటు చేశాను?’ అని నన్ను అడుగుతున్నారు.

ఇది మీ ఒక్క ఇంటి కథే అనుకోకండి. ఉత్తరాదిలో దీనికి ‘సర్పంచ్ పతి’ అని పేరే ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీని మీద ప్రత్యేకంగా ఒక కమిటీ వేసింది. మన ఊళ్లలో పేరు కూడా అక్కర్లేదు, ‘సర్పంచ్ సాబ్ ఉన్నడా’ అంటే భర్తే బయటికొస్తాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చేది, ఐదేళ్లు ఎంపీటీసీగా ఉంది. ఒకరోజు మాటల్లో మండల పరిషత్ మీటింగ్ హాలు ఎట్లుంటుందని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘బయట వేపచెట్టు ఉంటది మేడం’ అంది. ఆమె కారులోనే కూర్చునేది.

అందుకని డిసెంబరులో మీ ఇంట్లో జరిగింది మీరనుకుంటున్న మొండితనం కాదు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోందని, మీరు పేపరూ పెన్నూ చాటలోనే పెట్టారని రాశారు. ‘ఈసారి సంతకం పెట్ట. నువ్వేం జేసుకుంటవో జేసుకో’ అంది. ఆ పేపర్ నింపే ముందు ఆమెను ఒక్కమాట అడిగారా? ఉత్తరమంతా వెతికాను, అడిగినట్టు ఎక్కడా లేదు. ఊరి పెద్దలు నలుగురిని అడిగారు, పాత కారోబార్‌ను అడిగారు, కోర్టులో తోటి వకీలును కూడా అడిగారు. కొంచెం కటువుగా ఉంటుందేమో గానీ, ఆమె జీవితంలో సర్పంచ్‌గా సొంతంగా చేసిన మొదటి తీర్మానం అదే.

ఇంకొక మాట. మీకు ‘చూద్దాం’ అనే అలవాటు ఉంది. ఉత్తరంలోనే ఐదారుసార్లు వచ్చింది. పదవిలో ఉన్నవాళ్లకు ఆ మాట లేకపోతే గడవదు. పింఛను కావాలన్న ముసలమ్మకు కాదని చెప్పలేరు, ఇస్తానని చెప్పలేరు, ‘చూద్దాం’ అంటారు. కోర్టులో దాన్నే వాయిదా అంటారు. అబ్బాయి ఏడో తరగతిలో స్కూల్ డేకు రమ్మంటే చూద్దామన్నారు. కూతురు డిగ్రీ తర్వాత బీఈడీ చేస్తానంటే చూద్దామన్నారు, ఆ లోపు సంబంధం కుదిరింది. మోకాళ్ల నొప్పులు, హైదరాబాద్‌లో చూపించమని మీ భార్య అడిగితే ఎన్నికలయ్యాక చూద్దామన్నారు. అవి ఏ ఎన్నికలో కూడా రాయలేదు మీరు. అర్జీ పెట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు, వాళ్లకు గత్యంతరం లేదు. ఇంట్లోవాళ్లు రెండుసార్లు అడిగి మూడోసారి మానేస్తారు. మానేశారు కాబట్టి ఇంట్లో సమస్య లేదనుకున్నారు మీరు.

మా చిన్నమామ మిర్యాలగూడ వైపు ఒక ఊళ్లో ఉపసర్పంచ్‌గా చేశాడు. ఆయన పోయాక ఇనప్పెట్టె తెరిస్తే నిండా సన్మానం శాలువాలు, ఒక్కటీ మడత విప్పలేదు. మా అత్తమ్మ వాటిని దిండు గలీబులు కుట్టించి అందరికీ పంచింది. నాకూ ఒకటి వచ్చింది. గుచ్చుకుంటది, జరీ. ఎందుకో మీ ఉత్తరం చదువుతుంటే అది గుర్తొచ్చింది.

ఇక చేయాల్సిన పనులు.

ముందు బంగారం. దాన్ని బిల్లులతో ముడిపెట్టకండి. వైకుంఠధామం (శ్మశానవాటిక), సీసీ రోడ్డు, డ్రైనేజీ పనులకు ఎంబీ రికార్డు (పనుల కొలతల పుస్తకం) కాపీలు, తీర్మానాల కాపీలు, ట్రెజరీకి పోయిన చెక్కుల నంబర్లు ఒక ఫైలు చేయండి. లేనివి సమాచార హక్కు కింద అడగండి. వకీలు కాబట్టి ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా చెప్తున్నా, ఎందుకంటే జిల్లాలో మాజీ సర్పంచులు చాలామంది ధర్నాకైతే పోతున్నారు గానీ ఇంట్లో కాగితాలు ఉండటం లేదు. బిల్లు వచ్చినప్పుడు వస్తుంది, అది మీకూ ప్రభుత్వానికీ మధ్య లెక్క. ఆమె చంద్రహారం, నాలుగు గాజులు ఆ లెక్కలోకి రావు. ఎండిపోయిన రెండెకరాల బత్తాయి తోట అమ్మడానికి మనసొప్పట్లేదన్నారు. ఒప్పించుకోండి. సొంత ప్లాటుంటే అదైనా సరే. ముందు బ్యాంకు అప్పు, తర్వాత వడ్డీ అప్పు. వడ్డీ అప్పే ఎక్కువ తింటుందని మీ అకౌంటెంట్ స్నేహితుడు చెప్పే ఉంటాడు, లెక్క ప్రకారం ఆయనదే కరెక్టు. అయినా నా మాట వినండి, ముందు బంగారం.

రెండోది కొడుకు. ‘అమ్మను కొన్నాళ్లు వదిలెయ్’ అన్నాడంటే మిమ్మల్ని రావద్దన్నాడని కాదు. ఆదివారం దేవరకొండలో బస్సెక్కండి, సాగర్ రింగ్ రోడ్డు దగ్గర దిగండి. ఊరి నుంచి నలుగురిని వెంటేసుకుని పోకండి, పెద్దమనుషుల పంచాయితీ పెట్టకండి. ఆ పని మీకు బాగా వచ్చు, అందుకే భయం. ఆమె ఇంటికి రానంటే ఆ రోజు తీర్పు చెప్పకుండా మనవడితో ఆడుకుని సాయంత్రం బస్సుకు వచ్చేయండి. తర్వాతి ఆదివారం మళ్లీ పోండి. మోకాళ్లకు డాక్టర్ అపాయింట్‌మెంట్ కొడుకుతో చెప్పించి మీరే తీసుకుని వెళ్లండి, ఓపీ లైన్లో మీరే నిలబడండి.

వీలున్నప్పుడు ఒక ప్రశ్న అడగండి. ‘2006లో అన్నీ నీ చేతిలోనే ఉంటే మన ఊళ్లో ముందు ఏం పని చేసేదానివి?’ అని. ఇరవై ఏళ్లకు అడుగుతున్నారు కాబట్టి ‘ఇప్పుడెందుకు’ అంటుంది. ఊరుకోండి, ఇంకో రోజు చెప్తుంది. చెప్పినప్పుడు ‘అది నేను చేశాను కదా’ అనకండి, చేసి ఉన్నా సరే. అంగన్‌వాడీ గురించో, ఆడవాళ్లు చెంబు పట్టుకుని చీకట్లో నడిచిన తోవ గురించో ఆమె చెప్పేది మీ మూడు పేజీల్లో లేదని నా అనుమానం.

పదవి పోయాక ఫోన్ మోగట్లేదని, మోగితే లోన్ కావాలా అని అడిగేవాళ్లేనని రాశారు. అది కొన్నాళ్లుంటుంది. కోర్టుకు మాత్రం మానకుండా పోండి, గెట్టు కేసులైనా సరే. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవటం ఇలాగే సాగితే నల్లగొండలో మానసిక వైద్యులను కలవండి, టెన్షనే కదా అని వదిలేయకండి.

బంగారం లోన్ ఆమె పేరు మీదే ఉందన్నారు. విడిపించాలంటే ఆమె దేవరకొండ వచ్చి బ్యాంకులో సంతకం పెట్టాలి. ఆ సంతకానికి వస్తుందనే అనుకుంటున్నా. మీరు పక్కన కూర్చోండి, ఎక్కడ పెట్టాలో బ్యాంకువాళ్లే చూపిస్తారు.